రంగం (రంగూన్) నుంచి మనవాళ్లని గెంటేస్తుంటే ఢిల్లీ ఎందుకు మాట్లాడలేదు?

ఇచ్ఛాపురం_కుర్రాడు
మా తాత ట్రంకు పెట్టె మొన్న అటక మీంచి దించాం. అడుగున బర్మా నోట్లు, అన్నీ 50లూ 100లూ, దారం కట్టి ఉన్నాయి. నానమ్మనడిగితే "ఓడెక్కకముందే చిత్తుకాగితాలైపోనాయి, ఇంక చూసేదేటుంది" అంది. తాత రంగం రేవులో మూటలు మోసి, ఆనక చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడట. 1964లో కొట్టు సర్కారు లాగేసుకుంది, నోట్లు రద్దు చేసింది, మనిషి కట్టుబట్టల్తో విశాఖ రేవులో దిగాడు.

నాకు బుర్రకెక్కనిది ఒకటే. నెహ్రూకీ బర్మా ప్రధాని ఊ నూకీ అంత స్నేహమంటారు కదా, 1955లో బాండుంగు ఆసియా, ఆఫ్రికా దేశాల సభలో ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. మరి లక్షలమందిని తరిమేస్తుంటే మనవాళ్లు గట్టిగా ఒక్క మాట ఎందుకనలేదు? నాయకుల స్నేహాలు ఫొటోలకేనా? తెలిసినవాళ్లు చెప్పండి. వాట్సాప్ చరిత్ర వద్దు.

సాలూరు_లారీ
వాట్సాప్ వద్దంటే సగం మంది ఇప్పుడే వెళ్లిపోతారు.

సోషల్_మాస్టారు_రిటైర్డ్
కుర్రాడూ, నువ్వు చెప్పే ఊ నూ అప్పటికి జైల్లో ఉన్నాడు. 1962 మార్చి 2న సైన్యాధిపతి నె విన్ ప్రభుత్వాన్ని కూలదోశాడు. నెహ్రూ స్నేహం బర్మాతో కాదు, ఊ నూ అనే మనిషితో. ఆ మనిషి పదవి పోగానే ఢిల్లీకి రంగంలో తలుపు తీసే దిక్కు లేకుండా పోయింది.

ఇంకోటి చూడు. అదే ఏడాది అక్టోబరు, నవంబరుల్లో మనం చైనా చేతిలో దెబ్బ తిన్నాం. బర్మా తెలివిగా 1960లోనే చైనాతో సరిహద్దు తేల్చేసుకుంది. ఇటు నాగా తిరుగుబాటుదారులకి బర్మా అడవులు దాక్కునే చోటు. ఇలాంటప్పుడు నె విన్‌ని గదమాయిస్తే వాడు చైనా వైపు పూర్తిగా ఒరిగిపోతాడని ఢిల్లీ లెక్క. పెద్ద నోట్ల రద్దు 1964 మే 17న. సరిగ్గా పది రోజులకి, మే 27న నెహ్రూయే పోయాడు. 1967 మార్చి 10న బర్మాతో సరిహద్దు ఒప్పందం కుదిరింది. మ్యాపు మీద గీత దక్కించుకున్నారు, మీ తాత కొట్టు ఎవరి లెక్కలోకీ రాలేదు.

గోగునార
మాస్టారూ, చైనా భయం అన్న మాట మన విదేశాంగ శాఖకి అన్ని రోగాలకీ ఒకే మాత్ర. అదే 1964లో, అక్టోబరు 30న, శాస్త్రిగారు సిలోన్ (ఇప్పటి శ్రీలంక) ప్రధాని సిరిమావోతో కూర్చోలేదా? అక్కడున్న 9,75,000 మంది భారత సంతతి తోట కూలీల్ని లెక్కేసి, 5,25,000 మంది మాకు, 3,00,000 మంది మీకు, మిగిలిన లక్షా యాభై వేల సంగతి తర్వాత చూద్దాం అని కాగితం రాసుకున్నారు. ఆ తోట కూలీల్ని ఎవరూ అడగలేదనుకోండి, అది వేరే పాపం. కానీ కూర్చోవాలనుకుంటే కూర్చోగలిగారు. బర్మా దగ్గరికొచ్చేసరికి నోరెందుకు పడిపోయింది?

సోషల్_మాస్టారు_రిటైర్డ్
సిలోన్‌లో ఓట్లడిగి గెలిచిన ప్రధాని ఎదురుగా కూర్చుంది. పైగా ఆ బేరం ఒక్క రోజుది కాదు, 1948 పౌరసత్వ చట్టం నాటినుంచి నలుగుతోంది. ఆ రోజుల్లో అక్కడ మన హైకమిషనర్ ఎవరనుకున్నావు? వి.వి. గిరి. తిరిగొచ్చి 1952లో మన పాతపట్నం నుంచే లోక్‌సభకి గెలిచాడు. నె విన్ దగ్గర బేరానికి పెట్టడానికి మన చేతిలో ఏముంది?

నాగావళి_గట్టు
మా ముత్తాత అంతకుముందే వచ్చేశాడు. నడిచి.

1941 డిసెంబరు 23న జపానువాళ్లు రంగం మీద బాంబులేశారు. రేవు కూలీలంతా మనవైపు వాళ్లే, కొరంగీలనేవారట. ఓడలు దొరకలేదు, దొరికిన వాటికి టిక్కెట్టు కొనే స్తోమత లేదు. అరకాన్ కొండలు దాటి చిట్టగాంగు వైపు కొందరు, మణిపూర్ వైపు కొందరు. తెల్లవాళ్లకి మంచి దారి, మనవాళ్లకి చావు దారి అని అప్పట్లోనే పెద్ద గొడవైంది. ముత్తాత చెప్పేవాడని మా నాన్న చెప్తాడు: దారిలో నీళ్లు తాగడానికే భయపడేవారట, కలరా. ఎవరైనా వాంతి చేసుకుంటే పక్కనున్నవాళ్లు మూట సర్దుకుని నడిచేసేవారు. వదినని అలాగే వదిలేసి వచ్చాడు. ముసలాయన చచ్చేదాకా ఇంట్లో ఆవిడ పేరెత్తనివ్వలేదు.

ఇంత కష్టపడి ఇల్లు చేరితే 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద కూడా జపాను బాంబులు పడ్డాయి.

పైడితల్లి_సంబరం
పై పోస్టు చదివాక కాసేపు ఏం రాయబుద్ధి కాలేదు.

చీపురుపల్లి_చీమ
అందరూ మనం పడ్డ బాధే చెప్తున్నారు. బర్మావాళ్లకి మన మీద అంత మంట ఎందుకన్నది ఎవరూ అడగరేం? 1930 మేలో రంగం రేవులో తెలుగు కూలీలు జీతాల కోసం సమ్మె చేస్తే, ఓడల కంపెనీలు బర్మా కూలీల్ని తెచ్చి పనిలో పెట్టాయి. సమ్మె తీరగానే "మీరింక పొండి" అని వాళ్లని పంపేశాయి. పంపేసిన రోజే కొట్లాట మొదలైంది, వందల ప్రాణాలు పోయాయి. ఇద్దరూ పొట్టకూటి కోసమే కొట్టుకున్నారు, లాభం కంపెనీది. అటుపైన తమిళ వడ్డీ వ్యాపారులు చెట్టియార్ల అప్పుల కింద ఐరావతి డెల్టాలో బర్మా రైతుల భూములు పోయాయి. 1937 దాకా బర్మా ఇండియాలో ఒక రాష్ట్రం కింద లెక్క, కాబట్టి మనం వెళ్లింది ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి అని మనం అనుకున్నాం. వాళ్లనుకోలేదు.

ఇచ్ఛాపురం_కుర్రాడు
చీమ గారూ, ఈ సమ్మె సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. మా తాత అన్న ఆ గొడవల్లోనే పోయాడని మాత్రం తెలుసు.

బొబ్బిలి_వీణ
అసలు పరాయివాణ్ణి పిలిచి ఇంటి తగువు తీర్చమనే జబ్బు మన జిల్లాల్లోనే పుట్టింది. 1757 జనవరి 24. విజయనగరం విజయరామరాజు గారు ఫ్రెంచి సేనాని బుస్సీ దొరని ఫిరంగులతో సహా మా కోట మీదికి తెచ్చారు. తర్వాత ఏం జరిగిందో చెప్పక్కర్లేదు.

పైడితల్లి_సంబరం
వచ్చింది! ఏ చర్చ మొదలెట్టినా నూరు పోస్టుల్లోపు బొబ్బిలి యుద్ధం రావల్సిందే. ఈసారి పది దాటిందో లేదో.

బొబ్బిలి_వీణ
మీ ఊరివాళ్లు పిలిచారు కాబట్టి గుర్తు చేస్తున్నా 😀

సోషల్_మాస్టారు_రిటైర్డ్
నవ్వులాట కాదు, ఈ ప్రశ్నకి అది సరిగ్గా సరిపోతుంది. అప్పటికి యూరపులో ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ ఏడేళ్ల యుద్ధం నడుస్తోంది, 1756 నుంచి 1763 దాకా. తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు పోయాక, గద్దెక్కిన ఆనందరాజుకి ఫ్రెంచివాళ్లతో చెడింది. 1758లో విశాఖపట్నం ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి లాక్కుని "వచ్చి తీసుకోండి" అని ఇంగ్లీషువాళ్లకి కబురుపెట్టాడు. మద్రాసు వాళ్లు తటపటాయించారు, కలకత్తాలో క్లైవు మాత్రం కర్నల్ ఫోర్డుని పంపాడు. ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సైన్యం ఓడింది. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం పడిపోయింది. చూస్తూ కూర్చున్న నిజాము సలాబత్ జంగ్ చటుక్కున పక్క మార్చి ఇంగ్లీషువాళ్లతో సంధి రాసుకున్నాడు. మన ఊళ్లలో ఒక గద్దె కోపం, పారిస్, లండన్‌ల మధ్య తూకాన్ని ఒక పక్కకి వంచింది.

తర్వాతి కథ కూడా చెప్పాలి కదా. 1794 జులై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం అదే విజయనగరం రాజుని, చిన విజయరామరాజుని, చంపేసింది. పేష్కష్, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, బాకీ గొడవ. 35 ఏళ్ల కిందట మీరే మమ్మల్ని పిలిచారు కదా అని మొహమాటపడలేదు.

మాజీ_హవల్దార్
మాస్టారు చెప్పిందే నేను పటాలంలో చూశాను. దేశాలకి మొహమాటాలుండవు. నాయకులు మారినా యుద్ధం గీసిన గీతలు ఉంటాయి. యుద్ధమే అసలు, నాయకులు తర్వాత.

కవిటి_కోడలు
ఒప్పుకోను. 1990 ఆగస్టు 2న సద్దాం కువైట్లోకి దిగినప్పుడు మా మావయ్య అక్కడ వెల్డరు. మా కవిటి, కంచిలి, సోంపేట వైపు గల్ఫ్‌లో మనిషి లేని వీధి ఉండదు. జీతం డబ్బులు దినార్లలో దాచుకున్నాడు, అవి ఎవరూ తీసుకోలేదు. ఎడార్లో బస్సుల్లో పడి జోర్డాను చేరారు. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో సుమారు 1,70,000 మందిని తెచ్చారు. అదెలా కుదిరింది? విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంని కావలించుకున్నాడు. ఫొటో చూసి ప్రపంచమంతా ఛీ అంది. దాన్ని తిట్టినవాళ్లలో మా మావయ్య లేడు. అక్కడ ఇంకో మంత్రి ఉండి, పరువు చూసుకుని కూర్చుంటే మా అత్త ఏమయ్యేది?

మాజీ_హవల్దార్
మంచిదే అమ్మా, మనుషులొచ్చారు. కానీ ఆ యుద్ధానికి చమురు ధర పెరిగి, గల్ఫ్ నుంచొచ్చే డబ్బు ఆగి, 1991లో 47 టన్నుల బంగారం తాకట్టు పెట్టాం. కౌగిలి ఆపిందా?

కవిటి_కోడలు
బంగారం తర్వాత విడిపించుకోవచ్చు హవల్దారు గారూ.

జీడితోట
👏👏 పలాస నుంచి ఒక డబ్బా జీడిపప్పు కోడలు గారికి.

గోగునార
నాయకుడి వల్ల తేడా వస్తుందనడానికి పీవీని చూడండి. సోవియట్ యూనియన్ 1991 డిసెంబరులో మాయమైంది, మన పాత లెక్కలన్నీ తారుమారు. ఆయన 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టాడు, 1993 సెప్టెంబరు 7న చైనాతో వాస్తవాధీన రేఖ దగ్గర శాంతి ఒప్పందం చేశాడు. తూర్పు దేశాల వైపు చూడటం మొదలెట్టింది కూడా అప్పుడే. అదే ఊపులో రంగం సైనికులతో మాటలు కలిపాడు. ఒక పక్క 1993 నెహ్రూ అవార్డు బర్మా ప్రజాస్వామ్య నాయకురాలు ఆంగ్ సాన్ సూకీకి, ఇంకో పక్క ఆమెని ఇంట్లో బంధించినవాళ్లతో టీ.

చీపురుపల్లి_చీమ
అదే కదా మా కంప్లయింటు. మన తాతల్ని తరిమిన సైన్యంతోనే టీ.

నిర్వాహకుడు
ఇప్పటి పార్టీల్ని తిడుతూ పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. చర్చ బాగుంది, పాడుచెయ్యకండి.

సాలూరు_లారీ
ఆ రెండూ నావి కావు. ఒకటే నాది.

మాజీ_హవల్దార్
1971 గురించి ఎవరూ మాట్లాడరేం? అప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి, భీమిలి దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో. దీపాలార్పమని చాటింపు వేశారు, లాంతరు అద్దానికి నల్లకాగితం అంటించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది, విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపుంది. ఎలా మునిగిందన్నదానికి వాళ్లదో కథ, మనదో కథ.

ఇక్కడ పాయింటేంటంటే, ఆ జులైలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు కిసింజరు పాకిస్తాన్ నుంచే దొంగచాటుగా బీజింగు వెళ్లాడు. నిక్సన్‌కి చైనా తలుపు తెరిచిపెట్టింది పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యాఖాన్. అందుకే తూర్పు బెంగాల్లో జనం చస్తున్నా అమెరికా యాహ్యాని ఏమీ అనలేదు. ఇందిరమ్మ ఆగస్టు 9న సోవియట్లతో ఒప్పందం చేసుకుంది. అమెరికా ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌక బంగాళాఖాతంలోకి వచ్చింది, ఐక్యరాజ్యసమితిలో రష్యా వీటోలు వేసింది, డిసెంబరు 16న ఢాకా లొంగిపోయింది.

బొబ్బిలి_వీణ
హవల్దారు గారూ, యుద్ధమే అసలు, నాయకులు తర్వాత అన్నారు. ఇప్పుడు మీరు చెప్పిందంతా నిక్సన్, కిసింజర్, యాహ్యా, ఇందిర. నలుగురూ నాయకులే.

మాజీ_హవల్దార్
పూర్తిగా వినమ్మా. 93,000 మంది ఖైదీలు చేతిలో ఉండగా 1972 సిమ్లాలో ఏం రాబట్టాం? ఆనాటి నాయకురాలి కంటే బలమున్నవాళ్లు తర్వాత ఎవరొచ్చారు? అయినా కాశ్మీరు తేలలేదు. అందుకే అన్నాను.

గోగునార
నా హ్యాండిల్ చూసి ఎవరూ అడగలేదు గానీ, మా ఇంటి కథ కూడా యుద్ధం, విభజనలదే. 1947లో జనపనార పండే పొలాలు తూర్పు బెంగాల్‌కి పోయాయి, మిల్లులు మన దగ్గర మిగిలాయి. 1949 సెప్టెంబరులో మనం రూపాయి విలువ తగ్గిస్తే పాకిస్తాన్ తగ్గించలేదు. వాళ్ల వంద రూపాయలకి మనవి 144. మేమివ్వమని మనం, అయితే నార పంపేది లేదని వాళ్లు. వ్యాపారం ఆగింది. ఈలోగా 1950లో కొరియా యుద్ధం, గోనెసంచులకి గిరాకీ, ధరలు ఆకాశంలో. 1951 ఫిబ్రవరిలో మనమే దిగొచ్చి వాళ్ల రేటు ఒప్పుకున్నాం. ఆ దెబ్బకి సర్కారు ఎక్కడ నార పండుతుందా అని వెతికి, మన మెట్టభూముల్లో గోగు వెయ్యమని వెంటపడింది. మన గోగునారకి పై దేశాల్లో భీమిలి జూట్ అనే పేరు అంతకుముందు నుంచీ ఉంది లెండి.

మా నాన్న గోగు కట్టలు చెరువులో ముంచి, మీద మట్టిబెడ్డలు బరువు పెట్టేవాడు. కుళ్లాక నడుములోతు నీళ్లలో నిలబడి, ఒక్కో కర్రా విరిచి నార లాగాలి. ఆ కంపు స్నానం చేసినా పోదు, పెళ్లికి వెళ్తే పక్కవాడు జరిగి కూర్చుంటాడు. ఇంత చేశాక మిల్లువాడు తేమ ఉందని ధర కోస్తాడు. తర్వాత అదే తూర్పు బెంగాల్ బంగ్లాదేశ్ అయింది, మన స్నేహదేశం, చవక సరుకు వచ్చిపడింది. 2017 జనవరిలో దాని మీద డంపింగ్ సుంకం, అంటే మరీ చవగ్గా తెచ్చి కుమ్మరించకుండా వేసే పన్ను, వేశారు. 2024 ఆగస్టు 5న బంగ్లాదేశ్ ప్రధాని హసీనా దేశం వదిలి ఇక్కడికి వచ్చేసింది, మరుసటి ఏడు ఆ సరుకు భూమార్గంలో రాకుండా ఆపారు. అప్పటికి మా వైపు గోగు వేసేవాడే కనపడట్లేదు. ఎవడికి లాభం?

జీడితోట
రొయ్యల చెరువుల వాళ్లనడుగు. రష్యా వెళ్లి ఉక్రెయిన్ మీద పడింది, మనం రష్యా చమురు కొన్నాం, ట్రంప్‌కి కోపమొచ్చి 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద సుంకం 50 శాతం చేశాడు. మా బావమరిది కౌంటు రేటు (కిలోకి ఎన్ని రొయ్యలో ఆ లెక్కన ఇచ్చే ధర) విని చెరువు గట్టునే కూర్చుండిపోయాడు. వాడికి ఉక్రెయిన్ ఎక్కడుందో ఇప్పటికీ తెలీదు.

కళింగపట్నం_వల
అందరూ తాతల కబుర్లు సెప్తన్నారు, నాను ఇప్పటిది సెప్తాను. మాకు జెట్టీ లేదు, హార్బరు లేదు. అందుకే గుజరాత్ ఎల్లి వెరావల్లో బోటెక్కుతాం. 2018 నవంబర్లో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలోళ్లని పాకిస్తానోళ్లు పట్టుకుపోనారు. 20 మందిని 2020 జనవరిలో వాఘా దగ్గర వొగ్గేసినారు. మా డి.మత్స్యలేశం వైపు ఆడోళ్లు ఆ ఏడాదంతా ఎవరి కాళ్లు పట్టుకోలేదో అడగండి. పట్టుబడ్డోళ్లు ఏ గొడవా ఎరగరు. సేప ఎక్కడుంటే వల అక్కడ.

బొబ్బిలి_వీణ
బోట్లలో జీపీఎస్ ఉంటుంది కదా అన్నా? గీత దాటితే తెలీదా?

కళింగపట్నం_వల
ఏ గీతమ్మా? గీతుంటే కదేటి దాటడానికి.

సోషల్_మాస్టారు_రిటైర్డ్
ఆయన చెప్పింది నిజం. కచ్ దగ్గర సర్ క్రీక్ అనే పాయ ఉంది. 1965లో రాన్ ఆఫ్ కచ్‌లో కొట్లాట అయ్యాక ట్రిబ్యునల్ వేశారు, 1968లో తీర్పొచ్చింది, ఈ పాయ మాత్రం అందులో తేలలేదు. పాయ మధ్యలోంచి గీత అని మనం, తూర్పు ఒడ్డు నుంచి అని వాళ్లు. నేల మీద గీత తేలక సముద్రంలో గీత కూడా గియ్యలేదు. అంతర్జాతీయ సముద్ర చట్టం 73వ అధికరణం ప్రకారం, ఇంకో దేశపు ఆర్థిక మండలిలో, అంటే చేపల హక్కు ఆ దేశానిదే అయిన సముద్రంలో, చేపలు పట్టినందుకు, రెండు దేశాల మధ్య ఒప్పందం లేకుండా జైల్లో పెట్టకూడదు. రెండు దేశాలూ ఆ చట్టం మీద సంతకం పెట్టాయి.

కళింగపట్నం_వల
ఆ కాగితం బోటులో కట్టుకుని ఎల్లమంటారా మాస్టారు? తుపాకీ ఉన్నోడు సదివాక పేలుస్తాడా?

సోషల్_మాస్టారు_రిటైర్డ్
కాగితం ఊరికే పోదు. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఇద్దరూ ఖైదీల జాబితాలు ఇచ్చుకుంటారు, అందులో జాలర్లు విడిగా ఉంటారు. 2025 మేలో నాలుగు రోజులు క్షిపణులు విసురుకున్నారు. ఆ జులై 1న కూడా జాబితాలు మారాయి. పేరు అందులో లేకపోతే మనిషి ఉన్నాడని ఇంట్లోవాళ్లకి తెలిసే దారే ఉండదు.

కవిటి_కోడలు
జడ్జీల కమిటీ ఒకటి ఉండేది కదా మాస్టారూ, రెండు దేశాల రిటైర్డ్ జడ్జీలు జైళ్లకి వెళ్లి చూసేవారు?

సోషల్_మాస్టారు_రిటైర్డ్
2007లో వేశారు. 2013 తర్వాత కూర్చోలేదు.

చీపురుపల్లి_చీమ
నలుగురు రిటైర్డ్ జడ్జీలు విమానం ఎక్కడానికి ఏ నాయకుడి సంతకం కావాలి? హవల్దారు గారి గీతలూ, కోడలు గారి కౌగిళ్లూ పక్కన పెట్టి ముందు దీనికి జవాబు చెప్పండెవరైనా.

మాజీ_హవల్దార్
కాల్పులు జరిగిన ప్రతిసారీ మొదట మూసేది ఇలాంటివే చీమా. మళ్లీ తెరిస్తే మెత్తబడ్డాడంటారని అటూ ఇటూ భయం.

కళింగపట్నం_వల
మెత్తబడితే ఏటవుతాది? ఆగస్టులో మావోళ్లు మళ్లీ బయల్దేరతన్నారు. బోటు సేటు అడ్వాన్సు ఇచ్చీసినాడు.

సాలూరు_లారీ
వల బావూ, గుజరాత్ బండికి రిజర్వేషన్లు దొరికాయా? విజయనగరంలో మా తమ్ముడు టిక్కెట్ల కొట్టు నడుపుతున్నాడు. ఎంతమందో చెప్పు, అడుగుతాను.

కళింగపట్నం_వల
పదకొండు మంది. పేర్లు రాత్రికి పంపుతాను.